వేడి ఎటు పోతుంది? ఉష్ణమోచక, ఉష్ణగ్రాహక చర్యల మధ్య తేడా

‘రసాయన పరిశ్రమలో పేలిన రియాక్టర్’ అన్న శీర్షిక తెలుగు పాఠకులకు, శ్రోతలకు కొత్త కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల పారిశ్రామికవాడల నుంచి, అనకాపల్లి జిల్లా పరవాడ, అచ్యుతాపురం ప్రాంతాల నుంచి అలాంటి వార్తలు వస్తూనే ఉంటాయి. మృతుల సంఖ్య, క్షతగాత్రుల పరిస్థితి, అధికారుల పరిశీలన, నష్టపరిహారం ప్రకటన అన్నీ అందులో ఉంటాయి. అసలు ఆ పాత్ర ఎందుకు పేలిందో చెప్పే వాక్యం మాత్రం చాలాసార్లు ఉండదు. వార్తలు దిద్దే మాకూ ఆ లోపం తెలుసు.

ఇలాంటి ప్రమాదాలన్నింటికీ కారణం ఒకటే కాదు. ద్రావణి ఆవిర్లు అంటుకోవచ్చు, గాలిలో లేచిన పొడి మండవచ్చు, పైపు పగలవచ్చు. అయితే వాటిలో ఒక ముఖ్యమైన తరగతికి మూలం పదో తరగతి పాఠ్యపుస్తకంలోని ఒక చిన్న అంశంలో ఉంది. కొన్ని చర్యలు వేడిని వెలువరిస్తాయి, కొన్ని వేడిని గ్రహిస్తాయి. మొదటి వాటిని ఉష్ణమోచక చర్యలనీ, రెండో వాటిని ఉష్ణగ్రాహక చర్యలనీ అంటారు. ఈ నిర్వచనం మార్కుల కోసం కంఠస్థం చేసినవారు ఎందరో ఉన్నారు. వెలువడిన ఆ వేడి తర్వాత ఎక్కడికి పోతుందన్న ప్రశ్న మాత్రం తరగతి గదిలో అరుదుగా వినిపిస్తుంది.

సున్నం, యూరియా

పొడిసున్నం మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో పాతతరం వారికి చెప్పనక్కరలేదు. ఇంటికి వెల్ల వేసే ముందు సున్నపు గడ్డలను తొట్టిలో వేసి నీళ్లు పోస్తే అవి బుసబుసమని పొంగి, విచ్చుకుని, ఆవిర్లు కక్కేవి. కింద పొయ్యి లేకపోయినా నీళ్లు మరిగేవి. పిల్లలను దగ్గరకు రానిచ్చేవారు కాదు. పొడిసున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్, నీటితో కలిసి తడిసున్నంగా మారేటప్పుడు కిలోకు సుమారు 1,150 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. మూడు లీటర్లకు పైగా చన్నీళ్లను మరిగే స్థితికి తేవడానికి ఆ వేడి చాలు. ఇది ఉష్ణమోచక చర్య.

దీనికి ఎదురు ఉదాహరణ పొలంలో దొరుకుతుంది. పైరు మీద పిచికారీ కోసం బకెట్ నీళ్లలో యూరియాను కాస్త ఎక్కువ మోతాదులో కలిపే రైతుకు బకెట్ చల్లబడటం చేతికి తెలుస్తుంది. ఎవరూ మంచు వేయలేదు. యూరియా స్ఫటికాలు విడిపోయి నీటిలో కలవడానికి వేడి కావాలి. ఆ వేడిని చుట్టూ ఉన్న నీటి నుంచే తీసుకుంటాయి కాబట్టి నీరు చల్లబడుతుంది. ఇది ఉష్ణగ్రాహక ప్రక్రియ. ఆటల మైదానంలో బెణుకులకు వాడే తక్షణ శీతల సంచుల్లో కొన్ని ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. సంచిని నలిపితే లోపలి నీటి పొర తెగి, యూరియా లేదా అమ్మోనియం నైట్రేట్ నీటిలో కరుగుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు అవగాహనను సరిచేయాలి. మంట పెడితే తప్ప మొదలుకాని చర్యలన్నీ ఉష్ణగ్రాహకాలే అనుకునేవారున్నారు. అగ్గిపుల్లను గీస్తేనే వెలుగుతుంది, కర్పూరాన్ని అంటిస్తేనే మండుతుంది. అయినా రెండూ ఉష్ణమోచకాలే. ప్రారంభానికి కావలసిన కొద్దిపాటి శక్తి వేరు, చర్య ముగిసేసరికి తేలే మొత్తం జమాఖర్చు వేరు. మరోవైపు మంచుగడ్డ ఏ మంటా లేకుండా గదిలో కరిగిపోతుంది. అది కరుగుతున్నంతసేపూ వేడిని గ్రహిస్తూనే ఉంటుంది. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి.

జమాఖర్చుల లెక్క

వేడి ఎక్కడి నుంచి వస్తుంది? అణువుల్లోని పరమాణువులను పట్టి ఉంచే బంధాల దగ్గర దీనికి సమాధానం ఉంది. ఏ బంధాన్నయినా తెంచడానికి శక్తి ఖర్చు పెట్టాలి. కొత్త బంధం ఏర్పడినప్పుడు శక్తి వెలువడుతుంది. ‘బంధం తెగితే శక్తి వస్తుంది’ అన్న మాట తరచుగా వింటుంటాం గాని, అది తలకిందులైన మాట.

హైడ్రోజన్ మండి నీటి ఆవిరిగా మారడాన్నే తీసుకుందాం. 4 గ్రాముల హైడ్రోజన్‌లోని బంధాలనూ, 32 గ్రాముల ఆక్సిజన్‌లోని బంధాలనూ తెంచడానికి మొత్తం సుమారు 1,370 కిలోజౌళ్లు కావాలి. ఆ పరమాణువులు కలిసి 36 గ్రాముల నీటి ఆవిరిగా మారినప్పుడు ఏర్పడే కొత్త బంధాల వల్ల సుమారు 1,852 కిలోజౌళ్లు వస్తాయి. ఖర్చు పోగా మిగిలిన 482 కిలోజౌళ్లే మంటగా, వేడిగా మనకు కనిపిస్తాయి. రాబడి కంటే ఖర్చు ఎక్కువైతే ఆ లోటును చుట్టుపక్కల నుంచి భర్తీ చేసుకోవాలి. అలా భర్తీ చేసుకునేదే ఉష్ణగ్రాహక చర్య. ఆకుల్లో జరిగే కిరణజన్య సంయోగక్రియ ఆ కోవలోదే. అక్కడ లోటును తీర్చేది సూర్యకాంతి.

ఈ లెక్కకు పునాది 18వ శతాబ్ది చివర ఫ్రాన్స్‌లో పడింది. లవోయిజర్, లాప్లాస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1782-83 శీతకాలంలో ఒక పాత్ర చుట్టూ మంచు పేర్చి, లోపల బొగ్గును మండించారు. మరో సందర్భంలో లోపల ఒక గినీపందిని ఉంచారు. కరిగి కారిన నీటిని తూచి, లోపల ఎంత వేడి పుట్టిందో లెక్కగట్టారు. వేడిని వెలువరించే ప్రక్రియను, వేడిని గ్రహించే మరో ప్రక్రియతో కొలిచారన్నమాట. ప్రాణి శ్వాసించడం కూడా ఒక విధమైన నెమ్మదైన దహనమేనన్న అవగాహనకు ఈ ప్రయోగమే దారి తీసింది. 1840లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేస్తున్న హెస్ మరో అడుగు ముందుకు వేశారు. ఒక పదార్థం నుంచి మరో పదార్థానికి ఏ దారిన వెళ్లినా, ఎన్ని మజిలీలు చేసినా మొత్తం వేడిలో తేడా రాదని ఆయన చూపారు.

ఉష్ణమోచక, ఉష్ణగ్రాహక అన్న మాటలకు మూలమైన ఫ్రెంచి పదాలను రూపొందించినవారు 19వ శతాబ్దికి చెందిన రసాయన శాస్త్రవేత్త బెర్తలో. వేడిని ఎక్కువగా వెలువరించే దిశలోనే చర్యలు వాటంతటవి సాగుతాయని ఆయన నమ్మారు. అదే నిజమైతే యూరియా నీటిలో కరగకూడదు, మంచు నీరు కాకూడదు. పదార్థమూ శక్తీ ఎంతగా చెదిరి విస్తరించగలవన్నది కూడా చర్య దిశను నిర్ణయిస్తుంది. దానికి కొలమానమే ఎంట్రోపీ. బెర్తలో నియమం నిలవలేదు గాని, ఆయన పెట్టిన పేర్లు నిలిచాయి.

గోడలో దాగిన కొలిమి

హెస్ చెప్పిన నియమాన్ని చూడటానికి సున్నాన్ని మించిన ఉదాహరణ లేదు. సున్నపురాయిని బట్టీలో వేసి సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అది పొడిసున్నంగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. ఇది పూర్తిగా ఉష్ణగ్రాహక చర్య. కిలో రాయికి సుమారు 1,780 కిలోజౌళ్లు మింగుతుంది. బట్టీ వేడెక్కడానికి, గాలిలో కలిసిపోవడానికి అయ్యే వేడి దీనికి అదనం. చివరకు మిగిలేది 560 గ్రాముల పొడిసున్నం.

ఆ 560 గ్రాముల మీద నీళ్లు పోస్తే సుమారు 650 కిలోజౌళ్లు బుసబుసల రూపంలో తిరిగి వస్తాయి. మిగిలిన 1,130 మాటేమిటి? తడిసున్నాన్ని ఇసుకతో కలిపి, గానుగలో నూరి, గోడ కడతారు. ఆ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొద్దికొద్దిగా పీల్చుకుంటూ మళ్లీ రాయిగా మారుతుంది. ఆ క్రమంలో మిగతా వేడి కూడా వెలువడుతుంది. నెలలు, సంవత్సరాలు పట్టే ఈ చర్యలో పుట్టే వేడి ఎవరి చేతికీ తెలియదు. 1591లో కట్టిన చార్మినార్ గోడల్లోని సున్నమూ ఈ దారినే రాయిగా మారింది. బట్టీలో పెట్టిన అప్పు పైసాతో సహా తీరింది. ఒక భాగం నిమిషాల్లో, మరో భాగం ఏళ్ల తరబడి.

వెలువడే వేడి మొత్తం ఎంత అన్నది ఒక సంగతి. అది ఎంత వేగంగా వెలువడుతుంది, ఎంత వేగంగా బయటికి పోగలదు అన్నది మరో సంగతి. తొట్టి దగ్గరికి రావద్దని పిల్లలను అదిలించిన పెద్దలు, అదే సున్నంతో కట్టిన గోడకు నిశ్చింతగా చేరగిలబడేవారు.

చెమట చేసే పని

రసాయన చర్యలకే కాదు, స్థితి మార్పులకు కూడా ఈ విభజన వర్తిస్తుంది. నీరు ఆవిరవడం ఉష్ణగ్రాహకం, ఆవిరి నీరుగా మారడం ఉష్ణమోచకం. మరిగే నీటి కంటే ఆవిరి తగిలినప్పుడు ఒళ్లు ఎక్కువగా కాలడానికి కారణం ఇదే. చర్మం మీద నీరుగా మారే ప్రతి గ్రాము ఆవిరీ 2,257 జౌళ్ల వేడిని అక్కడే వదిలిపెడుతుంది.

వేసవిలో మన ప్రాణాలను కాపాడేదీ ఈ ప్రక్రియే. ఊరికే కూర్చున్న మనిషి శరీరంలో కూడా దాదాపు 100 వాట్ల బల్బు వెలువరించేంత వేడి పుడుతూనే ఉంటుంది. బయటి గాలి శరీరం కంటే వేడిగా ఉన్నప్పుడు ఆ వేడిని వదిలించుకోవడానికి మిగిలే మార్గం చెమట ఆవిరి కావడమొక్కటే. లీటరు చెమట ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. కారిపోయిన చెమట వల్ల ఆ ప్రయోజనం ఉండదు. ఆవిరైన చెమటే లెక్కలోకి వస్తుంది. గాలిలో తేమ నిండి ఉండే కోస్తాలో 38 డిగ్రీల ఉక్కపోత, రాయలసీమలోని 41 డిగ్రీల పొడి ఎండ కంటే దుర్భరంగా ఉండటానికి కారణం అదే. మట్టికుండ నీరు తేమ రోజుల్లో అంతగా చల్లబడకపోవడానికీ అదే కారణం. వడగాడ్పుల హెచ్చరికల్లో ఉష్ణోగ్రతతో పాటు తేమ శాతాన్నీ గమనించాలని చెప్పడం ఇందుకే.

బయటికి పోలేని వేడి

తడి ఆరని గడ్డిని వామి వేయకూడదని రైతులకు తెలుసు. తడి గడ్డిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటి చర్య వేడిని వెలువరిస్తుంది. పరిచి ఉంచిన గడ్డిలో ఆ వేడి గాలికి పోతుంది. వామి నడుమ చిక్కుకుంటే పేరుకుపోయి, కొన్నిసార్లు నిప్పంటుకునే దాకా వెళుతుంది. బొగ్గు గుట్టల సంగతీ ఇంతే. బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌తో మెల్లగా కలుస్తూ వేడెక్కుతుంది. గుట్ట పెద్దదైనకొద్దీ లోపలి వేడికి దారి దొరకదు. సింగరేణి ప్రాంతంలో బొగ్గు దానంతటదే అంటుకోవడం అందరూ ఎరిగిన సమస్య.

కాంక్రీటు గట్టిపడటం కూడా ఉష్ణమోచకమే. ఇంటి స్లాబులో అది సమస్య కాదు, స్లాబు పలచగా ఉంటుంది. భారీ ఆనకట్టలో మాత్రం నడిమధ్య వేడి ఏళ్ల తరబడి నిలిచిపోయి, కాంక్రీటు పగుళ్లివ్వవచ్చు. అందుకే 1930లలో అమెరికాలో హూవర్ డ్యామ్ కట్టినప్పుడు కాంక్రీటులోనే ఉక్కు గొట్టాలు అమర్చి, వాటి గుండా చల్లని నీటిని ప్రవహింపజేశారు.

రసాయన రియాక్టరు ముందున్న సమస్య ఇదే, కాకపోతే వ్యవధి నిమిషాల్లో ఉంటుంది. చాలా చర్యల వేగం ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపవుతుంది. వేగం పెరిగితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే వేగం మరింత పెరుగుతుంది. చల్లబరిచే శక్తి మాత్రం అలా రెట్టింపులుగా పెరగదు. లోపలి ఉష్ణోగ్రతకూ, చుట్టూ జాకెట్‌లో తిరిగే చల్లని నీటి ఉష్ణోగ్రతకూ ఉన్న తేడాకు తగ్గట్టుగానే పెరుగుతుంది. ఒక హద్దు దాటాక పుట్టే వేడిని పోయే వేడి అందుకోలేదు. ఈ హద్దును గణితంలో నిలిపినవారు రష్యన్ శాస్త్రవేత్త సెమెనోవ్. 1928 నాటి ఆ సిద్ధాంతం ఇప్పటికీ పాఠ్యాంశమే. చర్యల వేగంపై చేసిన పరిశోధనకు ఆయనకు 1956లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

పాత్ర పరిమాణం విషయంలో ఇంకో చిక్కు ఉంది. ప్రయోగశాలలోని లీటరు గాజుపాత్రను పొడవు, వెడల్పు, ఎత్తుల్లో పదింతలు చేస్తే 1,000 లీటర్ల రియాక్టరు అవుతుంది. లోపలి సరుకు వెయ్యింతలు, చల్లబరిచే గోడ మాత్రం వందింతలే. అంటే ఒక్కో లీటరుకు దక్కే గోడ పదో వంతుకు పడిపోయింది. గాజుపాత్రలో గోరువెచ్చగా ముగిసిన చర్య పరిశ్రమలో అదుపు తప్పడానికి ఈ లెక్క ఒక్కటే చాలు. కరెంటు పోయి లోపల కలియబెట్టే చక్రం ఆగిపోవడం మరో ప్రమాదం. అది ఆగినా పైనుంచి రసాయనం పడుతూనే ఉంటే, కలవకుండా పేరుకుపోయిన సరుకంతా చక్రం మళ్లీ తిరగగానే ఒక్కసారిగా చర్య జరుపుతుంది.

భోపాల్, విశాఖ

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో జరిగినదానికి మూలం ఒక ఉష్ణమోచక చర్యే. 610వ నంబరు ట్యాంకులో దాదాపు 40 టన్నుల మిథైల్ ఐసోసైనేట్ ఉంది. అందులోకి నీరు చేరింది. ఎలా చేరిందన్న దానిపై వాదాలు ఇప్పటికీ ఉన్నాయి, చేరిందన్న దానిపై లేవు. నీటితో ఆ రసాయనం జరిపే చర్య వేడిని వెలువరిస్తుంది. అది 39 డిగ్రీల వద్దనే మరుగుతుంది. దాన్ని సున్నా డిగ్రీల దరిదాపుల్లో ఉంచేందుకు ఏర్పాటు చేసిన శీతలీకరణ వ్యవస్థ అప్పటికి నెలల ముందే ఆగిపోయింది. ఉష్ణోగ్రత, పీడనం పెరిగి, వాల్వు తెరుచుకుని, నిద్రలో ఉన్న నగరం మీదకు విషవాయువు వెళ్లింది. వేల మంది మరణించారు. ఆ తర్వాతే 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టంలో ప్రమాదకర ప్రక్రియలకు ప్రత్యేక అధ్యాయం చేరింది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. అక్కడ రియాక్టరు కూడా నడవడం లేదు. లాక్‌డౌన్‌తో ఉత్పత్తి ఆగి, సరుకు ట్యాంకులో నిల్వ ఉంది. కానీ స్టైరీన్ అణువులు ఊరికే ఉండవు. అవి ఒకదానితో ఒకటి గొలుసులా ముడిపడుతూ ప్లాస్టిక్‌గా మారే స్వభావం కలవి. ఆ క్రమంలో కిలోకు సుమారు 670 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. దీన్ని ఆపడానికి నిరోధక రసాయనం కలపాలి, ట్యాంకును చల్లగా ఉంచాలి. నిరోధకం కాలక్రమంలో తరిగిపోతుంది కాబట్టి తరచూ పరీక్షించి మళ్లీ కలపాలి. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నత స్థాయి కమిటీ ఈ రెండింటిలోనూ లోపాలను ఎత్తిచూపింది. ట్యాంకులో వేడి సమంగా పరుచుకోకపోతే అడుగున ఉన్న కొలమానం చూపే అంకె పైభాగంలో ఏం జరుగుతోందో చెప్పదు. 145 డిగ్రీల వద్ద మరిగే ద్రవం చివరకు ఆవిరై ఊరి మీదకు వచ్చింది.

ఆ ఏడాదే ఆగస్టు 4న లెబనాన్ రాజధాని బీరూట్ ఓడరేవులో సుమారు 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలి 200 మందికి పైగా చనిపోయారు. శీతల సంచిలో చల్లదనాన్నిచ్చే పదార్థం కూడా ఇదే. నీటిలో కరిగేటప్పుడు ఉష్ణగ్రాహకం, తీవ్రమైన వేడికి విచ్ఛిన్నమైనప్పుడు ఉష్ణమోచకం. ఉష్ణమోచకమా, ఉష్ణగ్రాహకమా అన్న ప్రశ్నను పదార్థం గురించి వేస్తే జవాబు రాదు, అది ఏ మార్పుకు లోనవుతోందో చెప్పి వేయాలి. 2020లో బీరూట్ వార్త వచ్చిన రోజున ఈ వివరణకు మా బులెటిన్‌లో చోటు దొరకలేదు.

ఇంటి వరకు చూస్తే జాగ్రత్తలు కొద్దివే. బ్యాటరీల్లో వాడే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పలచన చేయవలసివస్తే నీటిలో ఆమ్లాన్ని కొద్దికొద్దిగా కలపాలి, ఆమ్లంలో నీరు పోయరాదు. పోస్తే పైపొర నీరు అక్కడికక్కడే మరిగి ఆమ్లాన్ని మొహం మీదకు చిమ్ముతుంది. పొడిసున్నం ఒంటి మీద పడితే ముందు పొడిగా దులిపి, ఆ తర్వాత ధారాళంగా నీటితో కడగాలి. తాంబూలంలో వాడే సున్నం ప్యాకెట్లు పిల్లల చేతుల్లో చిట్లి కళ్లు దెబ్బతిన్న ఉదంతాల గురించి కంటి వైద్యులు హెచ్చరిస్తూనే ఉన్నారు. అది అప్పటికే తడిసిన సున్నం, దాని వేడి ఎప్పుడో పోయింది. కంటిని కాల్చేది దాని క్షారగుణం. అక్కడ చేయవలసింది వెంటనే శుభ్రమైన నీటితో కనీసం 15 నిమిషాల పాటు ఆగకుండా కడిగి, ఆసుపత్రికి తీసుకువెళ్లడం.